మూడు వందల అరవై అయిదు శాతం కండ

పుట్టిన ప్రతి బిడ్డా కండపుష్టితో ఉండాలని ప్రభుత్వం కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఆ కండ ఎంత ఉందో నేను కొలిచి చెప్పాలనడంతోనే వచ్చింది చిక్కంతా.

నా పేరు పిచ్చేశ్వరరావు. నడికూరు ఏరియా ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా ఎక్స్‌రే టెక్నీషియన్ని. విరిగిన చేతులూ, మింగిన పిన్నీసులూ చూసి చూసి, ఇక ఈ ఉద్యోగంలో నన్ను ఆశ్చర్యపరిచేది ఏదీ లేదనుకుంటున్న రోజుల్లో ‘శిశు కండర సౌష్ఠవ మిషన్’ పుట్టింది. పైవాళ్లలో ఒకరు ఏదో సదస్సుకు వెళ్లి, అక్కడ తెర మీద పసిబిడ్డ తొడ కండరాన్ని ఏడు రంగుల్లో చూసి చలించిపోయారట. నెల తిరక్కుండా మిషన్‌కు ఒక నినాదం, ఒక లోగో, ఒక ప్రాజెక్టు డైరెక్టరు వచ్చేశారు. లోగోలో ఉయ్యాల్లో పడుకున్న బిడ్డ మోచెయ్యి మడిచి కండ చూపిస్తూ ఉంటుంది. డైరెక్టరు గారి పేరు డాక్టర్ సచ్చిదానందం. ఆయన చెయ్యి ఎప్పుడూ ఫైలు కిందే ఉండేది కాబట్టి ఆయన కండ మేమెవరమూ చూడలేదు.

తర్వాత లారీలో యంత్రం దిగింది. మనిషిని బల్ల మీద పడుకోబెడితే పైనుంచి ఒక చెయ్యి మెల్లగా జరుగుతూ ఎముక ఎంత, కొవ్వు ఎంత, కండ ఎంత అని లెక్కకట్టి, బొమ్మతో సహా కాగితం ఇస్తుంది. మంచి యంత్రమే. కాకపోతే పెద్దవాళ్ల కోసం చేసింది. వయసు గడిలో పద్దెనిమిదికి తక్కువ వేస్తే ఒప్పుకోదు. ఈ సంగతి డైరెక్టరు గారికి ఫోన్లో విన్నవించాను.

"పద్దెనిమిది అని వేయండి. ఎప్పటికైనా ఆ వయసుకు రావలసినవాళ్లేగా!" అన్నారాయన.

అలా మా ఊళ్లో పాలు తాగే పిల్లలందరికీ పద్దెనిమిదేళ్లు నిండాయి. యంత్రం కూడా వాళ్లను ఆ గౌరవంతోనే చూసింది. ప్రతి కాగితం కిందా "రోజూ ముప్పై నిమిషాలు నడవండి. మద్యం తగ్గించండి" అని అచ్చువేసి ఇచ్చేది.

ఇక ఉత్తర్వు. అందులో ఇరవై మూడు పేరాలున్నాయి. ఏడాదిలోపు శిశువులందరికీ స్కాన్ తప్పనిసరి. యంత్రం ఇచ్చిన అంకెను ఎవరూ దిద్దరాదు. స్కాన్ జరుగు ఆరు నిమిషములు శిశువు నిశ్చలముగా ఉండవలెను, సహకరించని శిశువు నుండి సంజాయిషీ కోరవలెను. ఇవి రాసినాయనకు పిల్లలున్నారో లేదో నాకు తెలియదు గానీ, ఉన్నా ఆరు నిమిషాలు ఎత్తుకుని ఉండడు.

మొదటి వారంలో నలభై ఒక్క మెమోలు ఇచ్చాను. "స్కానింగు బల్లపై అకారణముగా కాళ్లు చేతులు ఆడించి ప్రభుత్వ కార్యక్రమమునకు విఘాతము కలిగించినందున, మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో మూడు దినములలోగా తెలియజేయవలెను." అందుకున్నట్టు బొటనవేలి ముద్ర తీసుకోవాలి. ఆరు నెలల గడుగ్గాయి ఒకడు మెమోను నోట్లో పెట్టుకుని సగం నమిలేశాడు. సూపరింటెండెంటు గారిని అడిగితే, "మింగినందున అందినట్లుగా భావించడమైనది" అని రాసుకోమన్నారు.

ఇంతవరకూ నవ్వుకోడానికి బాగానే ఉంది. ఝాన్సీ వచ్చిన రోజు నుంచీ నా నవ్వు పోయింది.

ఝాన్సీ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు తొడిమలు తీసే పిల్ల. భర్త లారీ డ్రైవరు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. మూడున్నర నెలల ఆడబిడ్డను తెచ్చింది. ఆసుపత్రి రికార్డులో బిడ్డ పేరు ‘బేబీ ఆఫ్ ఝాన్సీ’. తొడల మీద మూడేసి మడతలు, అరికాలిలో దిష్టి చుక్క, అయిదు కిలోల రెండు వందల గ్రాముల బరువు. ఏ తల్లీ ఇంతకంటే ఏం కోరుకుంటుంది? బల్ల మీద పడుకోబెట్టగానే బేబీ ఆఫ్ ఝాన్సీ గుక్కపట్టి, సైకిల్ తొక్కినట్టు కాళ్లు తొక్కింది. బొమ్మంతా అలుక్కుపోయింది. యంత్రం కాసేపు ఆలోచించి తొమ్మిది శాతం అంది. కండలేమి, తీవ్రం.

తీవ్రం అంటే పందొమ్మిదో పేరా. అలాంటి శిశువును జిల్లా కేంద్రంలోని కండర పునరుద్ధరణ కేంద్రంలో నలభై అయిదు రోజులు ఉంచాలి. తల్లి వెంట ఉండకూడదు. "తల్లి తరచుగా ఎత్తుకొనుట వలన శిశువు స్వయముగా శ్రమించు అవకాశమును కోల్పోవుచున్నది గనుక." ప్రతి శుక్రవారం బండి వచ్చి తీసుకెళ్తుంది.

"సార్, దీనికి మెడ ఇప్పుడిప్పుడే నిలబడతంది. నన్నొదిలి నలభై అయిదు రోజులు ఎట్టా ఉంటది?" అంది ఝాన్సీ.

"పాలు సీసాలో పంపొచ్చమ్మా. ఇరవయ్యో పేరాలో ఉంది" అన్నాను.

అన్నాక నా నోరు నాకే అసహ్యమనిపించింది. ఆ పిల్ల బిడ్డను కొంగులో చుట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. ఏడుస్తోందని వీపు చూస్తేనే తెలుస్తోంది. నేను ఉత్తర్వు మళ్లీ మొదటి నుంచి చివరిదాకా చదివాను, ఎక్కడన్నా కాస్త సందు దొరుకుతుందేమోనని. దొరికింది. బొమ్మ అలుక్కుపోతే వారంలోపు ఇంకొక్కసారి స్కాన్ చేయవచ్చట.

"గురువారం తీసుకురా. ఎలాగోలా కదలకుండా పడుకోబెట్టాలి" అన్నాను.

గురువారం ఝాన్సీతో పాటు వాళ్ల అమ్మమ్మ మస్తానమ్మ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, చుట్ట కాల్చినట్టు పొడిగా నవ్వుతుంది. ఒక చేతిలో నువ్వుల నూనె సీసా, ఇంకో చేతిలో సాంబ్రాణి పొట్లం.

"ఏందయ్యా, ఇనప బల్ల మీద ఒంటరిగా పడేస్తే పసిబిడ్డ యాడ పడుకుద్ది? నువ్వు పడుకుంటావా?" అంది నాతో.

"మరెలా పెద్దమ్మా?"

"నీళ్లు పొయ్యాల. వేన్నీళ్లు పెట్టించు."

ఎక్స్‌రే గది వెనకాల పీట వేసుకుని, కాళ్లు బార్లా చాపి, బిడ్డను మోకాళ్ల కింద రెండు కాళ్ల మధ్య బోర్లా వేసుకుంది. నూనె పట్టించి వీపు రాసింది, కాళ్లూ చేతులూ సాగదీసింది, శనగపిండి రుద్ది, గోరువెచ్చటి నీళ్లు పోసింది. మన ఇళ్లలో ప్రతి బిడ్డా అలా ముసలి కాళ్ల మీదే మొదటి స్నానాలు చేస్తుంది కదా! సాంబ్రాణి పొగ చూపించేసరికి బేబీ ఆఫ్ ఝాన్సీ ఒళ్లు మరిచి నిద్రపోయింది.

బల్ల మీద పడుకోబెట్టాం. వీపుకు చల్లగా తగలగానే కళ్లు తెరిచి పెదవి వంచింది. మస్తానమ్మ క్షణం ఆలస్యం చెయ్యలేదు. తనే బల్లెక్కి, కాళ్లు చాపి, బిడ్డను మళ్లీ కాళ్ల మీద వేసుకుంది. బిడ్డ మళ్లీ నిద్రలోకి జారింది.

"పెద్దమ్మా, నువ్వు దిగాలి."

"నే దిగితే ఇది లేచిద్ది. కానీయ్ నీ మీట."

ఇరవై మూడు పేరాల్లో ఎక్కడా బల్ల మీద అమ్మమ్మ ఉండకూడదని లేదు. మీట నొక్కాను. యంత్రం చెయ్యి వాళ్లిద్దరి మీదుగా ఆరు నిమిషాలు జరిగి కాగితం ఇచ్చింది. శిశువు బరువు, నేను త్రాసు చూసి వేసినదే, అయిదు కిలోల రెండు వందల గ్రాములు. అందులో కండ పందొమ్మిది కిలోలు. మూడు వందల అరవై అయిదు శాతం. కింద, "అద్భుతం! ఇలాగే కొనసాగించండి" అని ఉంది.

అంకె దిద్దకూడదు గనుక దిద్దలేదు. అబద్ధం ఎందుకు, దిద్దాలనిపించలేదు కూడా. శుక్రవారం బండి ఝాన్సీ బిడ్డ లేకుండానే వెళ్లింది. ఆ మధ్యాహ్నం నేను అన్నం బాగా తిన్నాను.

సోమవారం ఉదయం మూడు కార్లలో డైరెక్టరు గారు దిగారు. ఝాన్సీని పిలిపించారు. బిడ్డను అటూ ఇటూ తిప్పి చూశారు.

"కండ పైకి కనిపించడం లేదేం?"

"లోపల ఉందండి" అన్నాను.

"నిజమే. అసలైన బలం ఎప్పుడూ లోపలే ఉంటుంది." ఆయన కళ్లు చెమర్చాయి. "మూడు వందల అరవై అయిదు! సంవత్సరంలో ప్రతి దినమునకూ ఒక శాతం. ఇది యాదృచ్ఛికమంటారా?"

బరువు అయిదు కిలోలైతే కండ పందొమ్మిది ఎలా అవుతుందని సూపరింటెండెంటు గారు మెల్లగా అడగబోయారు. "బరువు తూచింది మీ పాత త్రాసు, కండ తూచింది కొత్త యంత్రం. దేన్ని నమ్మమంటారు?" అన్నారు డైరెక్టరు గారు. సూపరింటెండెంటు గారికి రిటైర్మెంటుకు ఏడు నెలలుంది. కొత్త యంత్రాన్నే నమ్మారు.

బేబీ ఆఫ్ ఝాన్సీని జిల్లా ఆదర్శ శిశువుగా ప్రకటించి శాలువా కప్పారు. బిడ్డ శాలువా మీద పాలు కక్కింది. అంతటితో పోతే బాగుండును. ఆదర్శం అన్నాక మిగతావాళ్లు అందుకోవాలిగా! మర్నాడు సవరణ ఉత్తర్వు వచ్చింది. మూడు వందల శాతానికి తగ్గిన ప్రతి శిశువూ కండలేమి కిందికే వస్తుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కిన అడుసుకు ఊరి పిల్లలందరి కాళ్లూ కడగవలసి వచ్చింది.

బుధవారానికల్లా ఎక్స్‌రే గది ముందు చంటిపిల్లల తల్లులు బారులు తీరారు. ఒకామె నా కాళ్ల మీద పడబోయింది. మస్తానమ్మ దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాను.

"ఎంతమందున్నారు?"

"రెండు వందల పైమాటే."

ఆవిడ పైట బిగించింది. "నీళ్లు కాగబెట్టించు. నూనె మాత్రం ఎవురిది వాళ్లు తెచ్చుకోవాల."

మూడు వారాల్లో, ఝాన్సీ బిడ్డతో కలిపి, రెండు వందల పన్నెండు మంది బిడ్డలు ఆ కాళ్ల మీద స్నానం చేసి, ఆ కాళ్ల మీదే స్కానయ్యారు. ఒక్కరూ మూడు వందల అరవైకి తగ్గలేదు. శుక్రవారం బండి ఖాళీగా వచ్చి ఖాళీగా పోతోంది. పునరుద్ధరణ కేంద్రంలో నలభై ఉయ్యాలలూ ఊరికే ఊగుతున్నాయట. మా జిల్లా రాష్ట్రంలో ప్రథమ స్థానంలో నిలిచింది. మస్తానమ్మకు మోకాళ్లు వాచాయి. ఝాన్సీ రోజూ సాయంత్రం వాటికి కాపడం పెడుతూ, "ఇంక చాల్లే అమ్మమ్మా" అనేది. "ఇంకొక్క నలుగురున్నారే" అనేది ఆవిడ.

సరిగ్గా అప్పుడే రాజధానిలో నిపుణుల సంఘం మా బొమ్మలన్నీ బల్ల మీద పరిచి చూసింది. ఒక శుక్రవారం డైరెక్టరు గారు, వెంట బాల్యవివాహాల నిరోధక అధికారిణి, వెనక పోలీసు జీపుతో సహా వచ్చారు. అందరం ఎక్స్‌రే గదిలో కూర్చున్నాం. ఝాన్సీనీ బిడ్డనూ పిలిపించారు. మస్తానమ్మ ఎలాగూ అక్కడే ఉంది.

అధికారిణి కాగితం తీసి చదివింది. "నడికూరు శిశువులందరి మోకాలి చిప్పలు అరిగి ఉన్నాయి. అందరి ఎడమ ముంగాలి ఎముకా ఒకేచోట విరిగి అతుక్కుంది. దానికి వైద్యపరమైన కారణాలుండవచ్చు. కానీ" అని కళ్లజోడు సర్దుకుంది, "ప్రతి శిశువు కాలి వేళ్లకూ మెట్టెలున్నాయి. రెండు కాళ్లకూ. ఏడాది నిండని పిల్లలకు, రెండు వందల పన్నెండు మందికి, ఈ ఊళ్లో పెళ్లిళ్లు ఎవరు చేశారు?"

"అందులో నూట అయిదుగురు మగపిల్లలండీ" అన్నాను.

"వాళ్లకూ మెట్టెలున్నాయి. అది ఇంకా ఘోరం."

ఇక దాచి లాభం లేదు. "ఆ మెట్టెలు ఈ పెద్దమ్మవండీ. ఆ కాళ్లూ ఈవిడవే. పిల్లలు ఊరికే ఆ కాళ్ల మీద పడుకున్నారు" అన్నాను.

డైరెక్టరు గారి మొహంలో ప్రథమ స్థానం, శాలువా, సవరణ ఉత్తర్వు ఒకదాని వెనక ఒకటి నడిచి వెళ్లిపోవడం నేను చూశాను.

"నమోదైన కండను రద్దు చేయుటకు నిబంధనలలో వీలు లేదు" అన్నారాయన చివరికి.

"అయితే తేల్చండి" అంది అధికారిణి. "కాళ్లు పిల్లలవైతే బాల్యవివాహం, తల్లుల మీద కేసు. పిల్లలవి కాకపోతే కండలేమి, పిల్లలు కేంద్రానికి. మొదట ఈ ఆదర్శ శిశువు సంగతి చెప్పండి. బండి బయటే ఉంది."

ఝాన్సీ బిడ్డను ఇంకా దగ్గరికి లాక్కుంది. "రెండిట్లో ఏది ఒప్పుకుంటే బిడ్డ నా దగ్గరుంటది మేడం?" అంది.

అధికారిణి కాగితం తిప్పి వెనకవైపు కూడా చూసింది.

"పోనీ, ఆ మెట్టెలు తీయించి మళ్లీ స్కాన్ చేద్దాం" అన్నారు డైరెక్టరు గారు ఆశగా.

మస్తానమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది. "మా ఆయన ఎరువు మూటకని పోయి ముప్పై ఏళ్లయింది. సచ్చాడని కబురొస్తే తీస్తా. తెస్తారా కబురు? తేరు గదా. మరి తియ్యను." కాసేపు డైరెక్టరు గారి ఫైలు వంక, ఆయన వంక మార్చి మార్చి చూసింది. "అయ్యా, మీకు కావాల్సింది కాళ్లు కాదు. కాయితం. అంతేగా?"

"మీ ఉద్దేశం?"

"ఈ కాళ్లు నా మునిమనవరాలికి రాసిచ్చేస్తన్నా. కండా, అరుగుడూ, ఇరుగుడూ, మెట్టెలూ అన్నీ దానివే. మెట్టెలు నేనిచ్చినయ్యి, మొగుడిచ్చినయ్యి కాదు. పెళ్లీ లేదు, పెటాకులూ లేవు. రాసుకో పిచ్చేశ్వర్రావ్."

డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పోయిన ప్రాణం తిరిగొచ్చిన మనిషి మొహం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. "దానపత్రం! దస్త్రం నిలుస్తుంది!" అన్నారు. అధికారిణి చట్టం పుస్తకం తిరగేసి, దానంగా వచ్చిన మెట్టెలు వివాహానికి సాక్ష్యం కావని ఒప్పుకుంది. ఆమెకూ ఇంటికి వెళ్లాలని ఉంది పాపం.

పత్రం నేనే రాశాను. "నా రెండు కాళ్లను, వాటియందలి సమస్త కండతో సహా, బేబీ ఆఫ్ ఝాన్సీకి స్వబుద్ధితో దానమిచ్చుచున్నాను. తక్కిన రెండు వందల పదకొండు మంది శిశువులకు సొంతదారు అనుమతితో వాటిపై పడుకొని, ఆ కండను తమ ఖాతాలో చూపుకొను హక్కు కలదు." మస్తానమ్మ వేలిముద్ర వేసింది. అందుకున్నట్టు బేబీ ఆఫ్ ఝాన్సీ బుల్లి బొటనవేలు కూడా సిరాలో ముంచి ఒత్తాను. బిడ్డ కిలకిల నవ్వింది. సాక్షి సంతకం డైరెక్టరు గారిది.

"ఇక దాత వద్ద కండ మిగల్లేదని నిర్ధారణ కావాలి" అన్నారాయన.

మస్తానమ్మను ఒంటరిగా బల్ల మీద పడుకోబెట్టాను. యంత్రం ఆ కాళ్లను గుర్తుపట్టింది, రెండు వందల పన్నెండు సార్లు చూసిన కాళ్లు మరి. "ఈ కండ ఇదివరకే నమోదైనది. మీ కండ: సున్న" అని కాగితం ఇచ్చింది.

"కింద ఏందో రాసుందే?" అంది ఆవిడ లేచి కూర్చుంటూ.

"రోజూ ముప్పై నిమిషాలు నడవమంది. మద్యం తగ్గించమంది."

"ఆ రెండోది మా ఆయనకు చెప్పమను, దొరికితే."

డైరెక్టరు గారు స్ట్రెచర్ పిలిపించారు. రికార్డు ప్రకారం ఆవిడకు కాళ్లలో కండ లేదు గనుక నడిపించడం నిబంధనలకు విరుద్ధం. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ తెచ్చి పక్కన నిలబడ్డారు. మస్తానమ్మ బల్ల దిగి, ఝాన్సీ చేతుల్లోంచి బిడ్డను తీసుకుని భుజాన వేసుకుని, వాచిన మోకాళ్ల మీద ఒకసారి చెయ్యి ఆనించుకుని, నడిచింది. స్ట్రెచర్ వాళ్లు ఏం చెయ్యాలో తోచక ఖాళీ స్ట్రెచర్ తోసుకుంటూ ఆవిడ వెనకే గేటు దాకా వెళ్లారు. నేనూ వెళ్లాను. నా చేతిలో ఇంకా సిరా డబ్బా ఉంది.

గేటు దగ్గర శుక్రవారం బండి డ్రైవరు ఆవిణ్ణి చూసి జాలిపడ్డాడు. "ఎక్కు మామ్మా, ఎట్టాగూ ఖాళీగానే పోతన్నా. ఇల్లెంత దూరం?"

"అరగంట నడక."

"ఆ కాళ్లతో అంత దూరం నడుస్తావా?"

మస్తానమ్మ భుజం మీది బిడ్డ వీపు నిమిరింది. "నా కాళ్లా నాయనా? ఇయ్యి దీనివి. ఇంటికి తీసకపోతంది, పోతన్నా" అంది.

ఝాన్సీ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ముగ్గురూ రోడ్డెక్కారు. బండి ఆ శుక్రవారం కూడా ఖాళీగానే వెళ్లింది.